రేవు దాటని కబురు: తిరుపతి జిల్లా అధికారులకు, శాస్త్రవేత్తలకు ఒక బహిరంగ లేఖ

తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా వ్యవసాయ శాఖ అధికారులకు, ఎస్వీ వ్యవసాయ కళాశాల ఆచార్యులకు, ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం శాస్త్రవేత్తలకు నమస్కారాలు.

నా పుట్టిల్లు ఇరకం. తడ మండలంలో, పులికాట్ సరస్సు మధ్యలో ఉన్న దీవి. మెట్టినిల్లు తిరుపతి. ఇక్కడే ఒక జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాను. మీ ఆఫీసులు మా ఇంటి నుంచి ఆటోలో పావుగంట. మా నాయన, అన్న చేసే వరిమడి నుంచి అవే ఆఫీసులు ఎంత దూరమో మీకు చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను. కిలోమీటర్ల లెక్క మీకు తెలుసు. నేను చెప్పేది రూపాయల లెక్క, రోజుల లెక్క.

రెండేళ్ల కిందట వినాయక చవితికి ఊరికి పోయినప్పుడు పట్టుబట్టి అన్న చేత మట్టి తీయించాను. మడిలో అయిదారు చోట్ల పారతో గుంటలు తవ్వి, జానెడు లోతు దాకా పక్కగోడ నుంచి పలచగా గీసి, అంతా పట్ట మీద పోసి కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ చివరికి అరకిలో మిగిల్చాం. నాయన గట్టు మీద కూర్చుని అంతా చూసి, "మట్టి తీసేదానికే ఇంత పని ఉంటే, దాన్ని చదివేదానికి ఇంకెంత ఉండాలమ్మా" అన్నాడు. గుడ్డ సంచిలో పోసి, పేరూ సర్వే నంబరూ రాసిన చీటీ లోపల ఒకటి, పైన ఒకటి పెట్టి కట్టాం. మర్నాడు పొద్దున పడవలో కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. నడిమధ్యకు వచ్చాక గాలి లేచి నీళ్లు లోపలికి చిమ్మాయి. భీములవారిపాలెం రేవులో దిగి చూసుకుంటే సంచి అడుగంతా తడిసిపోయి ఉంది. చవితి నాటికి పులికాట్ నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. ఉప్పెంత ఉందో తేల్చమని తీసుకుపోతున్న మట్టిలోకి దారిలోనే ఉప్పు చేరింది.

ఆ సంచి రేవులోనే పారబోశాను. వారం తర్వాత అన్న పని మానుకుని ఇంకో సంచి తెచ్చి ఇచ్చిపోయాడు. ఫలితం చీటీ మా చేతికి వచ్చేసరికి నాట్లు అయిపోయి రెండో కలుపు తీస్తున్నారు.

పరీక్షకు మా దగ్గర ఎవరూ పైసా తీసుకోలేదు. అది ఉచితం. అయితే ఆ ఉచిత పరీక్ష కోసం మా ఇంట్లో నాలుగు రోజుల పని పోయింది, రెండు సార్లు పడవ, ఆటో, బస్సు అయ్యాయి, ఒక పంటకాలం దాటిపోయింది. సాగు ఖర్చు రాసేటప్పుడు దుక్కి, విత్తనం, ఎరువు, నాటు కూలి, కోత మిషను అని వరసగా రాస్తారు. కబురు ఖర్చు అనే గడి ఆ పట్టికలో నాకు ఎక్కడా కనిపించలేదు. నాయన ఒక్క ప్రశ్న అడగడానికి రేవు దాటి వెనక్కి రావాలంటే చేతి నుంచి మూడు వందల పైన పోతుంది, ఆ రోజు పని పోయేది దానికి అదనం. అడగాల్సిన మనిషి ఆ రోజు సీట్లో లేకపోతే ఆ డబ్బు ఊరికే పోయినట్టే.

క్లాసులో పిల్లలకు జార్జ్ స్టిగ్లర్ గురించి చెబుతుంటాను. ధర తెలుసుకోవడానికి కూడా ఒక ధర ఉంటుందని 1961లో రాసి చూపించిన ఆర్థికవేత్త ఆయన. 1982లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇంకో చోట అడిగితే వచ్చే లాభం కంటే అడగడానికి అయ్యే ఖర్చు ఎక్కువనిపించినప్పుడు మనిషి అడగడం ఆపేస్తాడు. అంతే ఆ మాటకు అర్థం. పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు మా నాయనే గుర్తొస్తాడు. ఆయన అడగడం ఎప్పుడో మానేశాడు. "మన రైతులకు చైతన్యం లేదు, అడగరు" అని సమావేశాల్లో అంటుంటే విన్నాను. దయచేసి ఆ మాట ఇకమీదట మా దీవి గురించి అనకండి. మా వాళ్లకు బుద్ధి తక్కువై మానలేదు. లెక్క చూసుకుని మానారు.

ఈ లెక్కలో చిన్న రైతుకు జరిగే అన్యాయం ఇంకొకటి ఉంది. పదెకరాల ఆసామి అడిగినా, ఎకరం ఉన్నవాడు అడిగినా పడవ ఛార్జీ ఒకటే, పోయే రోజు ఒకటే. ఆసామికి ఆ ఖర్చు పదెకరాల మీద పంచుకుంటుంది. ఎకరం వాడికి మొత్తం ఆ ఒక్క ఎకరం మీదే పడుతుంది. విత్తనమైతే ఎకరానికి ఇంత అని కొంటాం. ప్రశ్నను ఎకరానికి ఇంత అని కొనలేం. అందుకే చిన్నవాడు ముందు మానేస్తాడు. ఆడవాళ్లయితే అసలు మొదలే పెట్టరు. నాటు వేసేది, కలుపు తీసేది, ఆకు రంగు మారితే ముందుగా చూసేది మా అమ్మ, మా వదిన. పడవెక్కి పోయి అడిగేది మాత్రం మగవాళ్లు. చూసినవాళ్లు ఒకరు, చెప్పేవాళ్లు ఒకరు అయితే ఆ తెగులు రేవు దాటేసరికి ఎట్టా మారుతుందో మీరే ఊహించండి.

కబురు ఖరీదైనప్పుడు మనిషి దగ్గర్లో దొరికే కబురుతో సరిపెట్టుకుంటాడు. అది తప్పైతే దాని నష్టం పడవ ఛార్జీకి ఎన్నో రెట్లు. మా ఇంట్లో జరిగిందే చెబుతాను.

మా మడి పడమటి మూల ఎండాకాలం వచ్చేసరికి తెల్లగా పూత కడుతుంది. చేత్తో గీస్తే పిండిలా వస్తుంది. నాలిక మీద పెట్టుకుంటే ఉప్పు. ఆ మూల నాటు పచ్చబడదు. ఎరువులు కొనడానికి పోయినప్పుడు అన్న ఆ మాట చెబితే, కొట్టాయన "చౌడు నేలకు జిప్సం వెయ్యాలబ్బా" అని బస్తాలు కట్టించాడు. పేరు చెప్పను, ఆయన మోసం చేశాడని కూడా అనను, తెలిసినంతలో చెప్పాడు. ఆ బస్తాలు ఆటో ఎక్కి, పడవ ఎక్కి, మోకాటి లోతు నీళ్లలో భుజాల మీద దిగి మా మడికి వచ్చాయి. చల్లాం. ఆ ఏడాదీ ఆ మూల అట్టాగే ఉంది.

చౌడులో రెండు రకాలున్నాయని మీకు తెలుసు. పాల చౌడు వేరు, కారు చౌడు వేరు. జిప్సం కారు చౌడుకు మందు. అక్కడ మట్టిని పట్టుకున్న సోడియాన్ని వదిలించడానికి పనికొస్తుంది. మాది పాల చౌడు, పైన తేలిన ఉప్పు. దానికి కావలసింది గట్లు గట్టిగా వేసి, వానాకాలం మంచినీళ్లు నిలబెట్టి, ఉప్పును కరిగించి, మురుగు కాలువ గుండా బయటికి పంపడం. తర్వాత జీలుగ వేసి కలియదున్నడం. దీనికి కొనాల్సినవి కొంచెం జీలుగ విత్తనాలే. ఈ రెండు చౌడుల తేడా చెప్పేవి రెండంటే రెండు అంకెలు: నేల ఉదజని సూచిక (పీహెచ్), లవణ సాంద్రత (ఈసీ). లవణ సాంద్రత మీటరుకు 4 డెసీసీమెన్స్ దాటితే పాల చౌడు అంటారు. వరికి 3 దాటినప్పటి నుంచే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. పెన్ను అంత ఉండే మీటరును మట్టి కలిపిన నీళ్లలో ముంచితే ఉప్పు ఎక్కువో తక్కువో ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. ఆ నిమిషం పని మా దీవి మీద జరగలేదు కాబట్టి మేం బస్తాలు మోశాం.

ఇంకొకటి ఇంతకంటే బాధాకరమైనది, మా మేనమామది. మా దీవిలో మంచినీళ్లకు దొరువులే ఆధారం. ఇసకలో నాలుగైదడుగులు తవ్వితే ఊరే తియ్యటి నీళ్లు. బిందెలతో, కుండలతో తోడుకుని కూరగాయల మళ్లకు పోసుకునేవాళ్లు. మామ పుట్టెడు అప్పు చేసి బోరు వేయిద్దామనుకున్నాడు. బోరు లారీ వాళ్ల చుట్టాలెవరో కుప్పం, పలమనేరు వైపు బోర్లు వేసి అనుభవం ఉన్నవాళ్లు. ఆ వైపు వెయ్యి అడుగులు దింపినా చుక్క పడని బోర్లు చూసినవాళ్లు ఏం చెబుతారు? "లోతుకు పో మామా, లోతుకు పోతేనే నిలకడగా నీళ్లు" అన్నారు. లోతుకే పోయాడు. మొదటి రోజు నీళ్లు బాగానే వచ్చాయి. వారానికల్లా వంగ నారు ఆకుల అంచులు మాడాయి. పదిహేను రోజులకు నీళ్లు నోట పెట్టలేనంత ఉప్పయ్యాయి.

చిత్తూరు మెట్ట మీద నూటికి నూరుపాళ్లు సరైన మాట దీవి మీద సర్వనాశనం చేసింది. దీవి అడుగున ఉప్పునీరు ఉంటుంది, దాని మీద వాన తెచ్చిన మంచినీరు తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీటి మట్టం ఉంటే కింద దాదాపు నలభై అడుగుల దాకా మంచినీరు ఉంటుందని భూగర్భజల శాస్త్రం చెబుతుంది. పైన అడుగు తోడేస్తే కింద ఉప్పునీరు నలభై అడుగులు పైకి వస్తుందని కూడా దాని అర్థం. ఒకే చోట గొట్టం దింపి మోటారుతో లాగితే ఉప్పు గొట్టం మూతి దాకా లేచి వస్తుంది. మా పెద్దవాళ్లకు ఈ లెక్క తెలియదు, కానీ దొరువు నిలువు లోతు దాటి తవ్వకూడదని మాత్రం తెలుసు. బాపట్లలో ఉప్పునీటి వినియోగం మీద పనిచేసే పరిశోధన కేంద్రం వాళ్లు ఈ దొరువునే మెరుగుపరిచారు. ఇసకలో తక్కువ లోతున రంధ్రాలున్న గొట్టాలు అడ్డంగా పరిచి, మంచినీళ్లు మెల్లగా ఒక బావిలోకి ఊరేటట్టు చేసి, అక్కడ నుంచి తోడుకునే పద్ధతి. మన రాష్ట్రంలోనే, మన తీరపు ఇసకలోనే, మన మాటతోనే పుట్టిన పరిష్కారం అది. మామకు ఆ సంగతి తెలిసింది బోరు ఉప్పుపడ్డ నాలుగేళ్లకు, నేను ఎక్కడో చదివి చెబితే. ఆయన ఏమీ అనలేదు. చుట్ట తీసి చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

అందుకే నేను చెప్పదలచుకున్నది ఇదీ: దీవికి కబురు ఖర్చు రెండు రకాలుగా పడుతుంది. ఒకటి రేవు దాటే ఖర్చు. రెండోది, ఒడ్డున పండిన కబురు దీవి మట్టికి నప్పుతుందో లేదో పరీక్షించుకునే ఖర్చు. రెండోదే పెద్దది. దాన్ని ఇన్నాళ్లూ మా వాళ్లు సొంత పంటతో, సొంత అప్పుతో కడుతున్నారు.

మన జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడినప్పుడు నేను సంతోషించాను. నెల్లూరు బదులు తిరుపతి, నా ఇంటి పక్కనే జిల్లా కేంద్రం అనుకున్నాను. అయితే శేషాచలం కొండల కిందున్న మామిడి తోటలకూ, శ్రీకాళహస్తి మెట్ట మీద వేరుశనగకూ, తడ తీరాన ఉప్పు గాలిలో నిలబడ్డ వరికీ ఇప్పుడు ఒకటే జిల్లా సలహా. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం వచ్చే వ్యవసాయ వాతావరణ బులెటిన్ నేను శ్రద్ధగా చదువుతాను. మంచి పని అది. మంగళవారం నాటి మాట గురువారానికి దీవి చేరితే, ఈలోగా వాన కురిసి వెలిసిపోతుంది. మా వరికి నీళ్లిచ్చేది ఈశాన్య రుతుపవనం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఏ వారం ఎంత పడుతుందనే దాని మీదే మా నారుమడి, మా నాటు, మా ఉప్పు కడుగుడు అన్నీ ఆధారపడతాయి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు పడవలు ఆగిపోయాయి. తుపాను వస్తోందని అందరికీ తెలుసు. మడిలో నిలిచిన నీళ్లు ఎన్ని రోజులు ఉంచాలి, ఎప్పుడు తీసేయాలి, తీసేశాక ఏమి వెయ్యాలి అని చెప్పేవాళ్లు మాత్రం పడవలు తిరిగాకే దొరికారు.

సరస్సుకు అవతలి ఒడ్డు శ్రీహరికోట. మా మిద్దె ఎక్కితే రాకెట్ లేచేది కనిపిస్తుంది. 2024 ఫిబ్రవరి 17న వాతావరణ ఉపగ్రహం ఇన్సాట్-3డీఎస్ అక్కడ నుంచే పోయింది. ఆ సాయంత్రం నాయన ఫోన్ చేసి, ఎంత వెలుగొచ్చిందో, కిటికీలు ఎట్టా అదిరాయో సంబరంగా చెప్పాడు. మాకు అది గర్వం. మా కళ్ల ముందు లేచిన ఉపగ్రహం చూసిన మేఘం సంగతి, మా మడి దాకా వేళకు చేరాలని కోరుకోవడం అత్యాశ కాదనుకుంటాను.

ఇక ధర సంగతి. మా వైపు వడ్లు పుట్టి లెక్కన అమ్ముతారు. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. ప్రభుత్వం మద్దతు ధర చెప్పేది క్వింటాలు లెక్కన. అవతల తమిళనాడు నుంచి వచ్చే దళారి మాట్లాడేది మూట లెక్కన. 2025-26కు సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. దాన్ని ఎనిమిదిన్నరతో గుణిస్తే పుట్టికి 20,136 రూపాయలు దాటుతుంది. ఈ ఒక్క గుణకారం చేసి రేవులో బోర్డు మీద రాసి పెట్టిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. కల్లంలో నిలబడి దళారి పుట్టికి పదిహేడు వేలంటాడు, పైగా తేమ ఎక్కువుందని తరుగు తీస్తాడు. ప్రభుత్వం ఒప్పుకునే తేమ 17 శాతం. మా వడ్లలో ఎంతుందో కొలిచే మీటరు దళారి దగ్గర ఉంటుంది, మా దగ్గర ఉండదు.

న్యాయంగా చెప్పాలంటే ఆ తేడా అంతా దళారి లాభం కాదు. బస్తా పడవెక్కాలి, దిగాలి, మళ్లీ బండెక్కాలి. ఆ కూలి నిజమైన ఖర్చు. ఎంత కూలికి పోతోందో, ఎంత మా తెలియనితనానికి పోతోందో తేలాలంటే అసలు ధర ఎదురుగా కనిపించాలి కదా.

కేరళలో దీని మీద జరిగిన పరిశీలన ఒకటి నేను ప్రతి ఏడాదీ పిల్లలకు చెబుతాను. 1997 జనవరి 14న వడకర తీరంలో 11 మంది జాలర్లు కొనేవాళ్లు లేక పట్టిన కవళ్ల చేపలను పారబోయబోతున్నారు. అదే పొద్దున, అటూ ఇటూ 15 కిలోమీటర్ల లోపున్న రేవుల్లో 27 మంది కొనుగోలుదారులు చేపలు దొరక్క ఖాళీగా వెళ్లిపోబోతున్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఆ తర్వాత నాలుగేళ్లలో తీరం వెంట సెల్‌ఫోన్ టవర్లు వచ్చాయి. కాసరగోడ్, కన్నూర్, కోజికోడ్ జిల్లాల్లో ఏం జరిగిందో రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త లెక్కగట్టి 2007లో ప్రకటించారు. అంతకుముందు పట్టినదాంట్లో 5 నుంచి 8 శాతం పారబోసేవాళ్లు, ఫోన్లు వచ్చాక అది దాదాపు ఆగిపోయింది. జాలర్ల లాభం 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. కొత్త పడవ లేదు, కొత్త వల లేదు, ఒక్క చేప అదనంగా పట్టలేదు. కబురు చౌకైంది, అంతే.

అయితే ఫోన్లు ఇచ్చేశాం, సందేశాలు పంపేశాం, పని అయిపోయిందని మాత్రం అనుకోవద్దు. మహారాష్ట్రలో 100 గ్రామాల్లో రైతులకు ఫోన్‌లో ధరలు, వాతావరణం, పంట సలహాలు పంపి చూస్తే, వాళ్లకు వచ్చిన ధరలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. నాకు ఆశ్చర్యం అనిపించలేదు. కేరళ జాలరి పడవ తిప్పి పక్క రేవుకు పోగలడు. పెట్టుబడికి అప్పిచ్చినవాడికే పంట ఇవ్వాల్సిన రైతు ధర తెలిసినా ఎక్కడికి పోతాడు? మా అన్న పరిస్థితీ అదే. ధర తెలియడంతో పాటు, ఆ ధర ఇచ్చే మనిషి రేవు దాకా రావడం కూడా ఉండాలి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, అది ఎంతో మేలు. కానీ ఫోన్‌లో మట్టిని నాలిక మీద పెట్టి చూడలేరు కదా.

రెండో ఖర్చు, అంటే కబురును సొంత నేల మీద పరీక్షించుకోవడం, దాన్ని ఎట్టా పంచుకోవచ్చో చూపించిన దీవి ఒకటుంది. పసిఫిక్ సముద్రంలో సమోవా. మనం చేమదుంప అనే దాన్ని అక్కడ ప్రాణంగా తింటారు, విదేశాలకు పంపుతారు. 1993లో ఆకుమాడు తెగులు వచ్చి పంటంతా తుడిచిపెట్టుకుపోయింది. దాదాపు అందరూ ఒకటే రకం వేయడం వల్ల ఆ దెబ్బ అంత గట్టిగా తగిలింది. కోలుకున్నది ఎట్టా అంటే, బయటి దేశాల నుంచి తట్టుకునే రకాలు తెచ్చి, వాటితో కొత్త రకాలు పుట్టించి, శాస్త్రవేత్తలు వాటిని తమ క్షేత్రాల్లోనే ఉంచుకోకుండా రైతుల చేతుల్లో పెట్టారు. రైతులే తమ మళ్లలో వేసి, వండుకుని తిని, ఏది నిలుస్తుందో ఎంచారు. పరీక్ష ఖర్చు ఒక్క రైతు నెత్తిన పడలేదు.

మన దగ్గర ఆ పని ఎందుకు కాదు? ఉప్పును తట్టుకునే వరి రకాలు మచిలీపట్నం పరిశోధన స్థానం ఇచ్చింది. ఎంసీఎం 100, ఎంసీఎం 103 పేర్లు నేను తిరుపతిలో విన్నాను, ఇరకంలో వినలేదు. అవి మా మట్టిలో నిలుస్తాయని నేను హామీ ఇవ్వలేను. నిలుస్తాయో లేదో తేల్చే నాలుగు సెంట్ల మడి ఒకటి దీవి మీద కావాలి. ఒక పక్క ఆ రకాలు, ఒక పక్క మా వాళ్లు వేసే రకం. ఆ మడిలో పంట పోతే నష్టం ప్రభుత్వానిది, పండితే విత్తనం ఊరిది. ఇంత చిన్న మాట. మా నాయన లాంటివాళ్లు ఎవరో చెప్పింది నమ్మరు, పక్క మడిలో చూసింది నమ్ముతారు. అది మొండితనం కాదు, ఉన్నదంతా ఒకటే ఎకరం అయినవాడి జాగ్రత్త.

అర్థశాస్త్రం చెప్పేదాన్నిగా ఇంకొక్క మాట. కబురుకు ఉన్న గుణం ఏమిటంటే, తెచ్చుకోవడమే ఖర్చు, తెచ్చాక పదిమందికి చెప్పడానికి ఖర్చు లేదు. బస్తా ఎరువు ఒకరికిస్తే ఇంకొకరికి ఉండదు. మట్టి గుట్టు ఒకరికి చెబితే ఊరంతటికీ ఉంటుంది. ఇట్లాంటి దాని ఖర్చు ఒక్కొక్క రైతు విడివిడిగా కట్టుకుంటూ పోవడం వృథా. అందరి తరఫునా ఒక్కసారి కట్టాల్సింది ప్రభుత్వం. ఊరందరూ విడివిడిగా రేవు దాటి అడిగే ప్రశ్నను, మీ మనిషి ఒక్కరు ఇటు నుంచి అటు దాటి వచ్చి తీర్చగలరు.

కాబట్టి నేను అడిగేవి పెద్దవి కావు. వంతెన సంగతి వేరే లేఖకు వదిలేస్తున్నాను. ముందుగా, రైతు సేవా కేంద్రం సహాయకుడు దీవికి పోయిరావడానికి పడవ ఖర్చు ఎవరిస్తారో తేల్చండి. ఆ అబ్బాయి జీతంలోంచి పెట్టుకోవాలంటే అతనూ మా నాయన లాగే లెక్క చూసుకుని మానేస్తాడు, తప్పు పట్టలేం. పదిహేను రోజులకొక రోజు ఖాయం చేసి, పొద్దున పడవకు వచ్చి సాయంత్రం పడవకు పోయేటట్టు విధిగా పెట్టండి. ఈ-క్రాప్ నమోదు గడువులు కూడా ఆ రోజులను చూసి పెడితే, పడవ దొరకనందుకు పంట నమోదు కాకుండా పోయే రైతులు ఉండరు.

లవణ సాంద్రత కొలిచే చేతి మీటరు ఒకటి, తేమ కొలిచే మీటరు ఒకటి మా ఊళ్లో ఉంచండి. వాటిని వాడడం మా ఊరి ఆడపిల్లలకు నేర్పండి. ఇంటర్ చదివి ఇంట్లో ఉన్నవాళ్లు ఉన్నారు, నేర్చుకుంటారు. మన రాష్ట్రంలో 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం ఊరూరా పోయింది ఈ దారినే కదా, సాగు చేసే మనిషే పక్క రైతుకు చెప్పే దారి. మా దీవికి కూడా అట్లాంటి మనిషి ఒకరు కావాలి. ఆమెకు నెలకు ఇంత అని గౌరవంగా ఇవ్వండి. ఊరికే సేవ చెయ్యమనకండి.

వేసవిలో ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి, దీవిలో దొరువుల నీళ్లన్నీ పరీక్షించి, ఎక్కడ ఎన్ని అడుగుల్లో తియ్యటి నీరుందో ఒక పటం గీసి పంచాయతీ గోడకు పెట్టండి. ఇంకొక మామ ఇంకొక బోరు వెయ్యకుండా ఉండడానికి ఆ పటం చాలు. భీములవారిపాలెం రేవులో నల్లబల్ల ఒకటి పెట్టి, పుట్టి లెక్కన ధర, రానున్న అయిదు రోజుల వాన, ఆ వారం చూడాల్సిన పురుగు రాయించండి. అందరూ పడవ కోసం అక్కడే నిలబడతారు. చదువు రానివాళ్లకు వచ్చినవాళ్లు చదివి చెబుతారు, మా రేవులో అది మామూలే. వేనాడు దీవి వాళ్లకూ ఇవన్నీ వర్తిస్తాయి. వాళ్ల నేల సంగతి వాళ్లనే అడిగి చెయ్యండి, మా లెక్క వాళ్ల మీద రుద్దొద్దు.

ఎస్వీ వ్యవసాయ కళాశాల ఆచార్యులకు విడిగా ఒక విన్నపం. 1961 నుంచి ఇక్కడ పిల్లలు చదువుకుంటున్నారు. చివరి ఏడాదిలో వాళ్లను ఊళ్లకు పంపుతారని తెలుసు. ఒక జట్టును ఒక పంటకాలం మా దీవికి పంపండి. మా ఇంట్లో రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. అమ్మ వండి పెడుతుంది.

సెప్టెంబరు రెండో వారం వస్తే బాగుంటుంది. అప్పటికి వానలు మొదలుకావు, మడి తడవదు, ఉప్పు పైనే కనిపిస్తుంది. పొద్దున మొదటి పడవకే రండి, ఎండెక్కితే గాలి లేస్తుంది. పడవ ఒడ్డు దాకా రాదు, చెప్పులు చేత్తో పట్టుకుని కొంచెం దూరం నీళ్లలో నడవాలి. మట్టి సంచులకు ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చుకోండి, మూత గట్టిగా ఉండేది. పడమటి మూల ఏదో అన్న చూపిస్తాడు. నాయన దొరువు నీళ్లు తాగడానికి ఇస్తాడు. తాగే ముందు మీ మీటరు అందులో ముంచి, ఎంత వచ్చిందో ఆయనకు అంకె చెప్పండి. డెబ్భై ఏళ్లుగా ఆ నీళ్లు తాగుతున్నాడు, ఆ అంకె మాత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఇట్లు,
ఇరకం ఆడబిడ్డ,
తిరుపతి